రెండు గోడల మధ్య ఇకిలిగాడు

నేను ఒక కంచు బొమ్మని. మనుషులంటే నాకు గిట్టదు. ఈ సంగతి ముందే చెప్పేస్తే తరవాత మీరు నొచ్చుకోనక్కర్లేదు, నేను బుజ్జగించనక్కర్లేదు.

నా ఎత్తు మూడడుగులు. చిన్న పెట్టె ముందు ఒక మోకాలు నేలకానించి కూర్చున్న కుర్రవాణ్ణి. కుడిచేతిలో బ్రష్షు ఉంటుంది. పెట్టె మీద పాదం ఆకారంలో ఒక దిమ్మ. నా చూపు ఆ దిమ్మ మీదికి దించి పోశారు కాబట్టి మనుషుల్ని నేను పాదాల దగ్గర్నుంచి ఎరుగుదును. దగ్గరికొచ్చినవాళ్ళ మొహాలు వాళ్ళు వంగినప్పుడే కనిపిస్తాయి. వంగేవాళ్ళు తక్కువ.

నన్ను పోసింది ఇటలీ దేశంలో ఒక రేవు ఊళ్ళో. లోకం దాన్ని నేపుల్స్ అంటుంది, ఆ ఊరివాళ్ళు నాపోలి అంటారు. నా పీఠం ముందువైపు ఆ పేరు ఆరు అక్షరాల్లో చెక్కారు. అక్కడ వీధుల్లో బూట్లు తుడిచి బతికే కుర్రవాడొకణ్ణి శిల్పి రొట్టె పెడతానని పిలిచి, ఎనిమిది రోజులు మోకాలి మీద కూర్చోబెట్టాడు. కదిలితే చేతిలో ఉన్న చెక్క గరిటెతో కొట్టేవాడు. మూడోరోజు కుర్రవాడు ఏడ్చాడు. శిల్పి ఆ ఏడుపును శ్రద్ధగా చూశాడు. బుగ్గ ఎక్కడ ముడుచుకుంటోందో, పెదవి ఎటు లాగుతోందో అంతా చూసి, మట్టిలో దాన్ని నవ్వుగా మార్చాడు. బీదవాడు నవ్వుతుంటేనే డబ్బున్నవాడు ఇంట్లో పెట్టుకుంటాడని అతనికి తెలుసు. కుర్రవాడి పేరు మాత్రం అడగలేదు.

మట్టి మీద మైనం, మైనం మీద మళ్ళీ మట్టి. మైనం కరిగి కారిపోయిన ఖాళీలోకి కంచు పోశారు. నేను లోపల బోలు. నా నవ్వు చూసి ముచ్చటపడనివాళ్ళు లేరు. దాన్ని సరిగ్గా చూసిన మనిషి ఇన్నేళ్ళలో ఒక్కతే. ఆవిడ ముచ్చటపడలేదు, తిట్టింది. ఆవిడ సంగతే చెప్పబోతున్నాను.

నాపోలి నుంచి ఓడలో కాకినాడ వచ్చాను. ఓడల వ్యాపారం చేసే తెల్లదొర ఒకడు నన్ను తన బంగళా వరండాలో పెట్టుకున్నాడు. వచ్చిన ప్రతి దొరా బూటుకాలు ఎత్తి నా దిమ్మ మీద పెట్టి, పక్కవాడి వంక చూసి నవ్వేవాడు. ప్రతివాడూ ఆ హాస్యం తనకే తట్టిందనుకునేవాడు. పదిహేడేళ్ళు ఇదే. చివరికి వ్యాపారం ఎత్తేసి దొర వెళ్ళిపోతే సామానంతా వేలం వేశారు. భోజనాల బల్ల కోసం వచ్చిన కొమరవాక ఊరి జగ్గరాజుగారికి బల్ల దక్కలేదు, నేను దక్కాను.

జగ్గరాజు గోదావరి పాయ పక్కన ఎనభై ఎకరాల ఆసామి. బూట్ల బ్రష్షు అంటే ఏమిటో ఆయన ఎరగడు. పెట్టె ముందు కూర్చున్నాడు, నవ్వుతున్నాడు, అంటే పెట్టె నిండా ఉందన్నమాట అనుకున్నాడు. నేను ఇటలీ రాజుగారి ఖజానాదారునని ఊళ్ళో చెప్పాడు. ఇంట్లోకి అడుగుపెట్టగానే ఖజానా కనపడాలని, సింహద్వారానికి ఎదురుగా హాలు నడిమధ్యలో గచ్చు తవ్వించి, సీసం కరిగించి పోయించి నన్ను పాతేశాడు. వచ్చినవాళ్ళు నా పెట్టెను తాకి కళ్ళకద్దుకునేవారు. బూటు పెట్టుకునే దిమ్మను కళ్ళకద్దుకునేవాళ్ళను చూడడం నాకు కొంత సుఖంగానే ఉండేది. ఆ అబద్ధం ఎంత గట్టిదంటే, ఇప్పుడు నేనున్న మ్యూజియంలో నా మెడకు తగిలించిన చీటీ మీద కూడా ఖజానాదారు అనే రాసుంది.

జగ్గరాజుకు ఒక అక్క ఉండేది, అచ్చయ్యమ్మ. ఎనిమిదో ఏట పెళ్ళయింది, తొమ్మిదో ఏట భర్త పోయాడు. అత్తవారిల్లు ఎలా ఉంటుందో చూడకుండానే తెల్లచీర కట్టింది. అప్పటినుంచి ఆవిడ మంచం ఆ హాలులోనే ఓ మూల. తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది, తరవాత తమ్ముడి కొడుకుల్ని ఎత్తుకుని పెంచింది. ఆవిడ మడమల్లో చీమ దూరేటంత పగుళ్ళు. నన్ను పాతిన మర్నాడు ఆ మడమలు నా ముందుకొచ్చి ఆగాయి. ఆవిడ వంగి నా మొహంలోకి చూసింది.

“ఒరే జగ్గా, వీడు ఖజానావాడు కాదురా. బూట్లు తుడిచేవాడు. పుష్కరాలకెళ్ళినప్పుడు రాజమండ్రి టేసన్లో చూశాను. అచ్చం ఇలాగే కూచుని దొరల కాళ్ళు తుడుస్తన్నాడు.”

“ఊరుకో అక్కయ్యా. ఊరంతా దణ్ణం పెట్టేశాక చెప్తావేంటి?”

“ఆ ఇకిలింపు చూడు. అది నవ్వు కాదు. ఏడుపు దిగమింగితే మూతి అలాగే పోద్ది.”

జగ్గరాజు ఈ మాట గుమ్మం దాటకూడదన్నాడు. దాటలేదు. ఆవిడ ఒక్కతే నన్ను ఇకిలిగాడు అనేది. పొద్దున్నే హాలు ఊడుస్తూ చీపురు మొదలుతో నా మోకాలి మీద ఒకటి వేసి, “నీకేవిరా, కూచున్నావు” అనేది. పండగలకు పనివాళ్ళు నన్ను చింతపండు పెట్టి తోమేవారు. ఆవిడ ఒక్కసారీ చెయ్యి వెయ్యలేదు. నాకూ ఆవిడంటే పడేది కాదు. నా మొహాన ఉన్నది ఏమిటో తెలిసిన మనిషి ఎదురుగా రోజంతా కూర్చోవడం హాయిగా ఉండదు.

జగ్గరాజు పోయాక కొడుకులు విడిపోదామనుకున్నారు. పెద్దవాడు సోమరాజు, కిర్రుచెప్పుల మనిషి. వీధి మలుపులో ఉండగానే వస్తున్నట్టు తెలిసేది. చిన్నవాడు నీలాద్రిరాజు, పిల్లిలా వట్టికాళ్ళతో తిరిగేవాడు. పక్కన వచ్చి నిలబడ్డాక గాని తెలిసేది కాదు. తగువు ఎక్కడ మొదలైందో వాళ్ళకే గుర్తు లేదు. ఒక దూడ విషయమని కొందరు, వదిన పెరుగు తక్కువ వేసిందని కొందరు అనేవారు.

మునసబు గవర్రాజుగారిని పెద్దమనిషిగా కూర్చోబెట్టుకుని ఐదురోజులు పంచుకున్నారు. నూతికి రెండు గిలకలు పెట్టారు. ఇరవైమంది ఎక్కే పడవను సమానంగా ఉండాలని నడిమికి కోయించారు. రెండు ముక్కలూ మునిగాయి, కాబట్టి ఇద్దరికీ సమానమే అయింది. రాత్రివేళ అవతలివాడు తన గడ్డిమేటు లాగేస్తాడని ఇద్దరికీ భయం. అందుకని పంపకాల కాగితంలో మొట్టమొదట రెండు వాక్యాలు రాయించుకున్నారు. వాటా పడిన వస్తువును వాటాదారు తప్ప అన్యులు కదపరాదు. దాన్ని కాపాడుకోవడానికి వాటాదారు దాని చెంతనే ఉండవచ్చు. ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ వారం రోజులు ఎవరి గడ్డిమేటు పక్కన వాళ్ళు పడుకున్నారు.

హాలును నిలువునా రెండు చేసి మధ్యలో గోడ పెట్టాలని రాసుకున్నారు. ఆ గోడగీత సరిగ్గా నా వెన్ను మీదుగా పోయింది. అంతా అయ్యాక గవర్రాజుగారు హాలు మూలనున్న మంచం వైపు చూశారు.

“మరి మీ అత్తయ్యగారి సంగతేంటర్రా?”

“చిన్నోడంటే ఆవిడకి ప్రాణవండి. వాడి దగ్గర ఉంటేనే ఆవిడకి బాగుంటాది” అన్నాడు సోమరాజు.

“పెద్దకొడుకుండగా నా దగ్గరుంటే అన్నయ్యకి నామోషీ కదండీ” అన్నాడు నీలాద్రిరాజు.

ఆ ఒక్క అంశం మీద అన్నదమ్ములు ఒకళ్ళ గౌరవం ఒకళ్ళు కాపాడుకున్నారు. చివరికి గోడపని మొదలుపెట్టిన రోజున ఆవిడ మంచం పశువుల పాకలోకి మార్చాలని తేల్చారు. పాకకు మూడువైపులే తడికెలు. ఆవిడ అప్పటికి అరవై దాటిన మనిషి, యాభై అయిదేళ్ళుగా ఆ హాలు తప్ప ఇంకో చోట పడుకోలేదు. అంతా వింది. లేచి వచ్చి నా ముందు నిలబడింది. ఆ మడమలు చాలాసేపు కదల్లేదు. ఆవేళ చీపురుదెబ్బ కూడా లేదు.

నన్ను ఎవరికి ఇవ్వాలన్నది తేలలేదు. నేను ఇద్దరికీ అక్కర్లేదు. కాని నేను అవతలివాడికి దక్కడం ఇద్దరికీ ఇష్టం లేదు. మనుషులు దేన్నయినా గట్టిగా కోరుకునేది ఇలాగేనని అప్పటికి నాకు బాగా అర్థమైంది. కోయిద్దామన్నారు. గోడ పెట్టేరోజు పొద్దున్నే కమ్మరి బ్రహ్మయ్య ఇనుపరంపం తెచ్చాడు. నడినెత్తి నుంచి ముక్కు మీదుగా పీఠం దాకా సుద్దతో గీత గీశాడు. పనివాడు కాబట్టి వేలితో నా పొట్ట మీద కొట్టి చూశాడు.

“బోలు బొమ్మండి. కోస్తే రెండు దోసిళ్ళ మట్టి రాలుద్ది, రెండు చిప్పలు మిగుల్తాయి. కూర వొండుకోడానిక్కూడా పనికిరావు.”

“పనికిరాకపోతే పోనీ. సమానంగా రావాలి” అన్నాడు సోమరాజు.

నీలాద్రిరాజు వంగి పీఠం చూశాడు. గీతకు అటు మూడు అక్షరాలు, ఇటు మూడు అక్షరాలు. అతనికి ఇంగ్లీషు రాదు. “ఆగు బ్రహ్మయ్యా. ఇక్కడేదో రాసుంది. నాన్న రాయించిందేమో. అన్నయ్య వైపు ఏం పోతందో తెలియకుండా కోయనివ్వను” అన్నాడు.

బడి నుంచి అంకయ్య మేష్టారిని పిలిపించారు. గవర్రాజుగారు, మరో నలుగురు పెద్దలు ఎలాగూ గోడ ముహూర్తానికి వచ్చి అరుగు మీద ఉన్నారు, లోపలికి వచ్చారు. మేష్టారు చెప్పులు వాకిట్లో విడిచి వచ్చి, నా ముందు గొంతుక్కూచుని, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని పైకి చదివాడు.

“నా... పో... లి.”

మూలనుంచి అచ్చయ్యమ్మ లేచింది.

“ఏవన్నావు మేష్టరూ? ఇంకోసారి అను.”

“నాపోలి అనుందండమ్మా.”

“విన్నారుగా. నా పాలి అని రాసుంది. జగ్గడు నాకోసం రాయించేడు. ఈ ఇకిలిగాడు నా పాలిటివాడు.”

పాలు అంటే వాటా అని ఆ దేశంలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. గదిలో అందరూ ఒక్కసారే మాట్లాడారు.

“అది ఊరిపేరండి. ఇటలీ దేశంలో ఉంది. భూగోళం పుస్తకంలో చూపిస్తాను” అన్నాడు మేష్టారు.

“ఇత్తడి దేశవా?” అన్నారు గవర్రాజుగారు. ఆయనకు కుడిచెవి వినపడదు.

“ఇటలీ అండి.”

“ఊరిపేరయితే ఆ ఊరోళ్ళనొచ్చి తీసుకుపొమ్మను. అందాకా నా దగ్గరుంటాడు” అంది అచ్చయ్యమ్మ. “సోమరాజు పాలి అనుందా? నీలాద్రిరాజు పాలి అనుందా? నా అనుంది.”

సోమరాజు చెప్పులు కిర్రుమన్నాయి. “నా అంటే చదివినవాడిది అత్తయ్యా. నేను చదివితే నాది. నా పాలి.”

“అలాగయితే నేనూ చదువుతున్నాను. నా పాలి” అన్నాడు నీలాద్రిరాజు.

ఇద్దరూ ఇంగ్లీషు అక్షరాల మీద వేళ్ళు పెట్టి తెలుగులో కాసేపు అరుచుకున్నారు. పిల్లి పడ్డ కోళ్ళగూట్లో కూడా ఇంతకన్నా పొందిక ఉంటుంది. మేష్టారు రెండుసార్లు భూగోళం అన్నాడు గాని ఎవరూ వినిపించుకోలేదు. గవర్రాజుగారు కర్ర నేలకేసి కొట్టారు.

“సోమరాజూ, ఈ బొమ్మ తమ్ముడికి ఇచ్చెయ్యమంటావా?”

“చస్తే ఒప్పుకోను.”

“నీలాద్రీ, అన్నయ్యకి ఇచ్చెయ్యమంటావా?”

“నా శవం మీంచి తీసుకెళ్ళమనండి.”

“మరి ఆవిడకిస్తే?”

అన్నదమ్ములు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ముసలావిడ, పాకలో ఉంటుంది, బొమ్మనేం చేసుకుంటుంది. ఎదటివాడి మొహంలో ఓటమి కనపడితే చాలు. ఇద్దరూ తలలూపారు. మేష్టారు కాగితం చివర ఇకిలిగాడు అని కాకుండా కంచు విగ్రహము ఒకటి అని, అచ్చయ్యమ్మ పాలు అని రాశాడు. ముగ్గురూ వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. బ్రహ్మయ్య రంపం గుడ్డలో చుట్టుకున్నాడు.

అప్పుడు అచ్చయ్యమ్మ మేష్టారితో అంది: “ఆ కాగితంలో అన్నిటికన్నా ముందున్న రెండు ముక్కలూ చదువు నాయనా. గడ్డిమేట్లప్పుడు రాసుకున్నవి.”

మేష్టారు చదివాడు. వాటాదారు తప్ప అన్యులు కదపరాదు. వాటాదారు దాని చెంతనే ఉండవచ్చు. రెండో వాక్యం సగంలో ఉండగానే అతనికి అర్థమై గొంతు తగ్గింది.

“నేను వీణ్ణి కదపను. వీడి చెంతనే ఉంటాను” అంది అచ్చయ్యమ్మ. మంచం కోళ్ళు నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చి నా వీపుకు ఆనించి వేసుకుంది. ఎవరూ సాయం పట్టలేదు. ఆవిడా అడగలేదు.

అన్నదమ్ములు వారం రోజులు తిట్టుకున్నారు. అత్తను తిట్టారు, మునసబును తిట్టారు, చచ్చిపోయిన తండ్రిని తిట్టారు. గోడ ఎక్కడ పెట్టాలి? నా మీద పెట్టకూడదు. నాకు కుడివైపు పెడితే మిగతా చోటు నీలాద్రిరాజుకు కలిసివస్తుంది, ఎడమవైపు పెడితే సోమరాజుకు. చివరికి ఇద్దరూ రెండు గోడలు పెట్టారు. నాకు కుడిపక్క రెండు మూరల దూరంలో ఒకటి, ఎడమపక్క రెండు మూరల దూరంలో ఒకటి. సోమరాజు ఒకటిన్నర ఇటుక మందం పెట్టించాడని తెలిసి నీలాద్రిరాజు రెండిటుకల మందం పెట్టించాడు. అది తెలిసి సోమరాజు తన గోడ మీద ఇంకో వరస కట్టించాడు. గోడలు ఇంటి దూలాన్ని తాకేదాకా లేచాయి. మధ్యలో నాలుగు మూరల సందు, ఒక ముసలిది, ఒక మంచం, నేను. సింహద్వారం కూడా ఆ సందుకే వచ్చింది. అన్నదమ్ములు పక్కగోడలు పగలగొట్టుకుని దొడ్డిగుమ్మాల్లోంచి తిరగాల్సొచ్చింది.

మేం ఇద్దరం స్నేహితులమైపోయామని మీరనుకుంటారు. కాలేదు. ఆవిడ నా బ్రష్షుకు తడిచీర తగిలించేది. దిమ్మ మీద ఉప్పుడబ్బా పెట్టేది. పొద్దున్నే చీపురుదెబ్బ మళ్ళీ మొదలైంది. “కూచుని కూచుని ఎవర్ని సాధించేవురా” అనేది. రెండు గోడల అవతలినుంచి మేనల్లుళ్ళు ఆవిడ దగ్గు వినడానికి చెవులు రిక్కించేవారు. దగ్గు వస్తే ఆవిడ బయటికి పోయి వీధిలో దగ్గి వచ్చేది. ఆ ఇంట్లో ఏ ఇద్దరికీ పడని కాలంలో, నన్నూ ఆవిణ్ణీ కట్టిపడేసినవి ఆ గోడలే. చావకుండా ఉండడమే ఆవిడ పని. దాన్ని ఆవిడ సొంత పొలంలా చూసుకుంది. అలా అయిదేళ్ళు గడిచాయి.

ఆ ఏడు కార్తీకంలో తుఫాను పట్టింది. పొద్దున్న మబ్బు, మధ్యాహ్నానికి గాలి. పెంకులు మొదట ఒకటొకటిగా, తరవాత వరసలు వరసలుగా లేచిపోయాయి. సోమరాజు వైపు వాసాలు విరిగి లోపలికి పడ్డాయి. నీలాద్రిరాజు వైపు కప్పు ఒక్క ఊపులో దొడ్లోకి వెళ్ళిపోయింది. సందు మీద కప్పు మాత్రం రెండు మందపాటి గోడల మధ్య బిగుసుకుని కదల్లేదు. కాసేపటికి సింహద్వారం మీద చేతులు పడ్డాయి. అచ్చయ్యమ్మ గడియ తీసి, అదే గడియకర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడింది. బయట రెండు కుటుంబాలు, పధ్నాలుగు మంది.

“అత్తయ్యా, పిల్లలు తడిసిపోతన్నారు” అన్నాడు సోమరాజు.

“పిల్లల్ని లోపలికి పంపు. కోడళ్ళని పంపు.” వాళ్ళు ఆవిడ చంక కిందనుంచి దూరి వచ్చారు. కర్ర మళ్ళీ అడ్డం పడింది. “ఇప్పుడు చెప్పు. ఈ చోటు ఎవరిది?”

“నీదే అత్తయ్యా.”

“నీదే అంటే కుదరదు. ఆవేళ వేలు పెట్టి చదివేవు కదా. అలా చెప్పు.”

సోమరాజు తలమీదనుంచి నీళ్ళు కారుతున్నాయి. కాళ్ళకు చెప్పులు లేవు. ఆ పాదాలను మొదటిసారి చూశాను. మెత్తగా, తెల్లగా, పసిపిల్లాడివిలా ఉన్నాయి.

“నీ పాలి” అన్నాడు.

కర్ర లేచింది. అతను లోపలికొచ్చాడు. నీలాద్రిరాజు మాత్రం కదల్లేదు. అన్న అనేసిన మాట తను కూడా అనడం అతనికి చావుకన్నా కష్టంగా ఉంది. వెనక కొబ్బరిచెట్టు ఒకటి పడింది. అప్పుడు గొణిగాడు. “గట్టిగా” అంది ఆవిడ. గట్టిగా అన్నాడు.

నాలుగు మూరల సందులో పదిహేనుమంది పట్టరు. పట్టారు. నా పెట్టె మీద ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. నా భుజానికి ఆనుకునే హక్కు ఎవరిదని తోడికోడళ్ళు మాటామాటా అనుకున్నారు. చోటు లేక అన్నదమ్ములు వీపుకు వీపు ఆనించి కూర్చోవాల్సివచ్చింది. మొహాలు చూసుకోనక్కర్లేదు కాబట్టి ఇద్దరికీ అదే నయంగా ఉంది. అచ్చయ్యమ్మ తన మంచం ఎవరికీ ఇవ్వలేదు. దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, చీరకొంగుతో ఎవరి పిల్లాడిదో తల తుడిచింది.

చీకటిపడక ముందే గాలి తగ్గింది. వానలో కూడా జోరు లేదు. ప్రాణాలు కుదుటపడగానే సోమరాజు లేచి గోడ తడిమాడు.

“నా గోడ లేకపోతే ఇవాళ అందరం పోదుం” అన్నాడు.

“నీ గోడేంటి? గాలి వచ్చింది నా వైపునుంచి. ఆపింది నా గోడ” అన్నాడు నీలాద్రిరాజు. “రెండిటుకల మందం.”

“నాది ఒకటిన్నరా, ఆ మీద ఇంకో వరసా.”

అచ్చయ్యమ్మ మంచం దిగింది. పగుళ్ళ మడమలు నెమ్మదిగా గుమ్మం దాకా నడిచాయి. ఆవిడ తలుపు బార్లా తీసింది.

“గోడలు మీవేరా. మధ్యనున్నది నాది. బయటికి నడవండి.”

ఒక్కొక్కరే వెళ్ళారు. నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని కోడళ్ళు, ఆ వెనక వాళ్ళిద్దరూ. ఆవిడ తలుపు వేసి గడియ పెట్టింది.

ఆ తరవాత అచ్చయ్యమ్మ ఆరేళ్ళు బతికింది. ఆ ఆరేళ్ళలో తలుపు తట్టకుండా ఎవరూ లోపలికి రాలేదు. తట్టినా ఆవిడ వెంటనే తీసేది కాదు.